శవం దగ్గర నుంచి మన గుమ్మం దాకా: రాజ్యం తీసిన ప్రాణంలో మన వంతు కొలుచుకోవడం ఎలా

ఇరవై ఆరేళ్ల వయసులో నేను ఒక మనిషి మరణశిక్ష తీర్పు టైప్ చేశాను. కోర్టులో స్టెనోగా చేరి అప్పటికి మూడేళ్లు. జడ్జిగారు చెబుతుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, రాత్రి కూర్చుని నలభై రెండు పేజీలు కొట్టాను. చివరి పేజీలో ఒక అక్షరం తప్పు పడితే ఆ పేజీ చింపేసి మళ్లీ కొట్టాను. తప్పు లేకుండా రావాలని అంత శ్రద్ధ పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా సీనియర్‌తో చెబితే, "నువ్వు చేసింది టైపే కదమ్మా, మనం నిమిత్తమాత్రులం" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ మాట నాకు ఎనిమిదేళ్లు సరిపోయింది. ఎనిమిదో ఏట పేపర్లో చదివాను, అతనికి "శిక్ష అమలు జరిగింది" అని.

రిటైరయ్యాక నాలాంటి ఏడెనిమిది మందిమి కలిసి కూర్చోవడం మొదలుపెట్టాం. మాలో ఒక మాజీ సైనికుడు ఉన్నారు, నేను అన్నయ్యా అని పిలుస్తాను. ఒక నర్సు, పన్నుల ఆఫీసులో పనిచేసిన ఒకాయన, ఒక పాస్టరమ్మగారు, ఖురాన్ చెప్పే మాస్టారు ఒకరు, ఇద్దరు కాలేజీ పిల్లలు. పదకొండేళ్లుగా మేం నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. చంపకూడదు అని నమ్మేవాళ్లెవరికైనా ఇది పనికొస్తుంది, ఆ నమ్మకం గుడి నుంచి వచ్చినా, చర్చి, మసీదుల నుంచి వచ్చినా, ఏ దేవుడూ లేకుండా వచ్చినా. రాజ్యం మన పేరు మీద, మన డబ్బుతో, మన భద్రత కోసమని చెప్పి ఒక ప్రాణం తీసినప్పుడు అందులో మన వంతు ఎంత అన్నదే ప్రశ్న. ఒక్కరే కూర్చుని కూడా చేయొచ్చు. నలుగురుంటే మేలు. మన వంతు మనమే కొలుచుకుంటే కొలబద్ద మనకి అనుకూలంగా వంగుతుంది.

మొదలుపెట్టే ముందు

ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు, మీరు నమ్మే గ్రంథం చాలు. ఐదారు సాయంత్రాలు పడుతుంది, ఒక్కోసారి గంటన్నర మించి కూర్చోకండి. ఈ విషయం మీద ఎక్కువసేపు మాట్లాడితే మనుషులు అలసిపోయి కోపానికి వస్తారు. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు తీయకూడదని మొదటి రోజే అందరూ ఒప్పుకోండి. మేం ఒప్పుకోకుండా మొదలుపెట్టి, రెండో వారానికే ఇద్దరు సభ్యుల్ని పోగొట్టుకున్నాం.

రెండు మాటల్ని గుమ్మం బయటే వదిలి రండి. ఒకటి, "నాకేం సంబంధం". రెండోది, "మనమందరం హంతకులమే". రెండోది వినయంగా వినిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని పట్టుకుంటారు. నేను కూడా కొన్నేళ్లు పట్టుకున్నాను. కానీ అందరూ సమానంగా దోషులైతే, ఆర్డర్ వేసినవాడికీ ఆ రోజు బడికి వెళ్లిన పిల్లకీ తేడా ఉండదు. ఇక ఎవరూ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు.

మొదటి సాయంత్రం: ఆజ్ఞని పదం పదంగా చదవండి

నిర్గమకాండం 20:13 తెలుగు బైబిల్లో రెండే మాటలు, "నరహత్య చేయకూడదు". హీబ్రూలో అక్కడున్న క్రియ "రత్సాఖ్". అది హత్య గురించి మాత్రమే, రాజ్యం వేసే శిక్షకి అది వర్తించదు అని చాలామంది గట్టిగా చెబుతారు. ఆ వాదనలో బలం ఉంది. అదే ధర్మశాస్త్రం చాలా నేరాలకి మరణశిక్ష కూడా చెబుతుంది, ఆ సంగతి దాచకూడదు. అయితే సంఖ్యాకాండం 35వ అధ్యాయం తెరిచి చూడండి. పొరపాటున ఒకరి చావుకి కారణమై ఆశ్రయపురానికి పారిపోయినవాడికీ అదే క్రియ వాడారు. 30వ వచనంలో సాక్షుల మాట మీద హంతకుడికి మరణశిక్ష వేయడానికి కూడా అదే క్రియ. అంటే ఆ పదం చుట్టూ మనం గీసుకున్నంత శుభ్రమైన గీత మూలంలో లేదు.

ద్వితీయోపదేశకాండం 17:7 కూడా చదవండి. మరణశిక్ష పడినవాడి మీద మొదటి చెయ్యి సాక్షులదే కావాలి, తర్వాత ప్రజలందరి చెయ్యి పడాలి అంటుంది. నాకు ఆ శిక్ష భయంకరంగానే అనిపిస్తుంది. కానీ ఆ చట్టం ఎవరినీ తప్పించుకోనివ్వలేదు. చంపించాలంటే నీ చేతిలో రాయి ఉండాలి. ఇప్పటి పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. 2010లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఖైదీని ఐదుగురు కాల్చి చంపారు. ఆ ఐదు తుపాకుల్లో ఒకదానిలో ప్రాణం తీయని తూటా పెట్టారు, అది ఎవరి చేతిలో ఉందో కాల్చేవాళ్లకి చెప్పలేదు. ప్రతి ఒక్కరూ "బహుశా నేను కాదు" అనుకుంటూ ఇంటికి వెళ్లొచ్చు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీ గుంపులో ఒక్కొక్కరినీ అడగండి, నేను బతుకుతున్న పద్ధతి ఏ వైపుది అని. తొందరగా జవాబు చెప్పనివ్వకండి.

ఖురాన్‌లో 17:33 అల్లాహ్ పవిత్రం చేసిన ప్రాణాన్ని న్యాయబద్ధంగా తప్ప తీయవద్దు అంటుంది. 5:32లో ఒక్క ప్రాణం తీస్తే మానవాళినంతా చంపినట్టే, ఒక్క ప్రాణం కాపాడితే అందరినీ కాపాడినట్టే అన్న మాట ఉంది. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోనూ దాదాపు అదే మాట వస్తుంది, అది కూడా ప్రాణం పోయే కేసుల్లో సాక్షులకి చేసే హెచ్చరికగా. మా మాస్టారు ఎప్పుడూ "తప్ప" అన్న ఒక్క పదం దగ్గరే ఆగుతారు. "ఆ పదం ద్వారబంధం లాంటిది. దాన్ని పట్టుకుని లోపలికి ఎవరు వస్తున్నారో, ఏ రుజువుతో వస్తున్నారో చూడాలి" అంటారు. మీరు ఏ గ్రంథం చదివినా ఇలాంటి ద్వారం ఒకటి ఉంటుంది. దాన్ని నోటుబుక్కులో రాసి, ఆ మినహాయింపు ఎవరికి ఇచ్చారో, ఏ షరతుతో ఇచ్చారో పక్కనే రాయండి.

బౌద్ధుల ధమ్మపదంలో 129వ గాథ సూటిగా ఉంటుంది. దండం అంటే అందరూ వణుకుతారు, చావంటే అందరికీ భయమే, ఇతరులని తనతో పోల్చుకుని "న హనేయ్య న ఘాతయే", చంపకూడదు, చంపించకూడదు. చంపించడం అన్న రెండో క్రియ దగ్గరే మా మొదటి సాయంత్రం ఎప్పుడూ ముగుస్తుంది.

రెండో సాయంత్రం: కొలత

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం మొదటి తొమ్మిది వచనాలు. పొలంలో ఒక శవం కనపడింది. చంపిందెవరో తెలియదు. అప్పుడు పెద్దలు, న్యాయాధిపతులు బయటికి వచ్చి, శవం నుంచి చుట్టూ ఉన్న ఊళ్ల దాకా దూరం కొలవాలి. దగ్గరలో ఉన్న ఊరి పెద్దలు ఒక దూడని తెచ్చి, లోయలో దాని మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, మా చేతులు ఈ రక్తం చిందించలేదు, మా కళ్లు చూడలేదు అని చెప్పాలి.

మిష్నాలో పెద్దలు దీన్ని చదివి ఒక ప్రశ్న వేశారు. ఆ ఊరి పెద్దలే హంతకులని ఎవరైనా అనుకుంటారా? మరి ఎందుకు ప్రమాణం? వాళ్లిచ్చిన జవాబు ఇది: ఆ మనిషి మా దగ్గరికి వస్తే తిండి పెట్టకుండా పంపలేదు, మా కంటపడితే తోడు లేకుండా వదిలేయలేదు అని చెప్పడానికి. అంటే చంపకపోవడం ఒక్కటే చాలదు. అతను ఆ పొలంలోకి ఒంటరిగా వెళ్లిన దారిలో నేను ఎక్కడ నిలబడ్డాను అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మత్తయి 27:24లో, యేసుని సిలువ శిక్షకి అప్పగించిన రోమన్ గవర్నరు పిలాతు కూడా చేతులు కడుక్కున్నాడు. అతను శవం దగ్గరికి వెళ్లలేదు, కొలవలేదు. శిక్షకి అప్పగిస్తూ కడుక్కున్నాడు. మా పాస్టరమ్మగారు ఈ రెండు భాగాలూ వరసగా పైకి చదివించి, ఐదు నిమిషాలు ఎవరినీ మాట్లాడనివ్వరు. మీరూ అలాగే చేయండి.

ఇప్పుడు కొలవడానికి ఒక్క సంఘటన ఎంచుకోండి. యుద్ధంలో పడిన ఒక బాంబు, జనం మీద కాల్పులు, లాకప్‌లో ఒక చావు, ఒక మరణశిక్ష. ఒక్కటే. "హింస" అనే పెద్ద మాటని కొలవలేం. చనిపోయిన మనిషి పేరు దొరికితే పేజీ పైన రాయండి. నేను నా పేజీలో మూడు పేర్లు రాశాను. ముందు అతను చంపిన ఇద్దరివి, తర్వాత అతనిది. ఆ ఇద్దరి పేర్లు నాకు తీర్పు టైప్ చేసేటప్పటి నుంచే గుర్తు. వాళ్లని వదిలేసి అతని ఒక్కడి చావు గురించి మాట్లాడితే అది నాకు సగం నిజమే అవుతుంది.

మూడో సాయంత్రం: "జరిగింది" అన్న మాటని తీసేయండి

మన భాషలో చంపినవాడు కనపడకుండా వాక్యం రాయడం చాలా తేలిక. కాల్పులు జరిగాయి. ముగ్గురు మృతి చెందారు. పరిస్థితి అదుపులోకి వచ్చింది. ఈ మూడు వాక్యాల్లో తుపాకి పట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు. ముప్ఫై ఒక్క ఏళ్లు నేను ఇలాంటి వాక్యాలే కొట్టాను. "బలప్రయోగం చేయవలసి వచ్చినది." "విన్నపము తిరస్కరించడమైనది." అలా రాస్తేనే మర్యాదగా ఉంటుందని నేర్పారు, నేనూ కొత్తవాళ్లకి నేర్పాను.

మీరు ఎంచుకున్న సంఘటన గురించి వచ్చిన వార్త గానీ ప్రకటన గానీ తీసుకోండి. జరిగింది, అయింది, వచ్చింది, బడింది అని ముగిసే ప్రతి క్రియ కింద పెన్సిలుతో గీత గీయండి. పక్కన "ఎవరు?" అని రాయండి. జవాబు తెలిస్తే వాక్యాన్ని తిరగరాయండి. తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి నింపకండి.

నా పేజీలో "శిక్ష అమలు జరిగింది" అన్న మూడు మాటలు ఇలా మారాయి: జడ్జి చంపమని చెప్పాడు. నేను టైప్ చేశాను. పై కోర్టు సరే అంది. క్షమాభిక్ష అర్జీ మీద ఒకరు వద్దని సంతకం పెట్టారు. ఒకరు తేదీ వేశారు. డాక్టరు అతని బరువు తూచాడు. ఒకరు ఆ బరువుకి తగ్గట్టు తాడు పొడవు లెక్కకట్టారు (19వ శతాబ్దం చివర్లో బ్రిటన్ ప్రభుత్వం దీనికి అధికారికంగా ఒక పట్టికే తయారుచేసింది, ఇన్ని పౌన్ల బరువుకి ఇన్ని అడుగులని). ఒకరు మీట లాగారు. ఒకరు గుండె ఆగిందని రాసిచ్చారు. ఒకరు వార్త రాశారు. నేను చదివాను.

ఇది రాశాక మా నర్సు చాలాసేపు డాక్టరు వాక్యం దగ్గరే ఉండిపోయింది. "బరువు తూచడం రోజూ నేను చేసే పనే అక్కా" అంది.

నాలుగో సాయంత్రం: మూడు గడులు

ఇక వంతుల లెక్క. దీనికి మాకు దొరికిన సాధనాల్లో పతంజలి యోగసూత్రం 2.34 చాలా గొప్పది. హింస మూడు రకాలు అంటుంది: కృతం, కారితం, అనుమోదితం. తాను చేసింది, ఇతరులతో చేయించింది, చేస్తుంటే ఒప్పుకుని సంతోషించింది. దాని వెనక ఉండేవి మూడు: లోభం, క్రోధం, మోహం. తీవ్రతలు మూడు: మృదువు, మధ్యమం, అధికం. జైనుల తత్త్వార్థసూత్రంలోనూ చేయడం, చేయించడం, అనుమతించడం అన్న మూడు విభాగాలు ఉన్నాయి. బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయంలో, సంఘం నుంచి వెలివేయించే నియమాల్లో మూడోది, మూడో పారాజికం, మనిషిని చంపినవాడికే కాదు, చంపేవాణ్ణి వెతికి పెట్టినవాడికీ, చావుని పొగిడి పురికొల్పినవాడికీ వర్తిస్తుంది.

పేజీ మీద మూడు నిలువు గడులు గీయండి. సంఘటనలో మీ పాత్ర ఒక్కొక్కటీ సరైన గడిలో రాయండి. పక్కన కారణం, తీవ్రత. పన్ను కట్టడం, ఓటు వేయడం, వేయకపోవడం, ఉద్యోగం, మౌనం, చప్పట్లు, ఫార్వర్డ్ చేసిన మెసేజ్, అన్నీ రాయండి. ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. అప్పుడు నాకు తెలుసా? ఆపే శక్తి ఏమైనా నా దగ్గర ఉందా? నాకు దాని వల్ల లాభం వచ్చిందా?

నా టైపు పని ఏ గడిలోకి వస్తుందో మేం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. పన్నుల ఆఫీసాయన అది ఏ గడిలోకీ రాదన్నారు, నేను కాకపోతే పక్క సీటు వాళ్లు కొట్టేవారు కదా అని. అన్నయ్య మాత్రం ఒప్పుకోలేదు. "చేతులతో చేశావు కదా చెల్లెమ్మా, మొదటి గడిలోనే రాయి. చిన్నదని పక్కన రాసుకో, కానీ అక్కడే రాయి" అన్నారు. రాశాను. కృతం, మృదువు. కారణం దగ్గర లోభం అని రాశాను, ఉద్యోగం పోతుందన్న భయమే కాబట్టి.

మూడో గడి దగ్గరికి వచ్చాక నాకు మర్చిపోయిన విషయం ఒకటి గుర్తొచ్చింది. తీర్పు చదివిన రోజు కోర్టు బయట జనం కేకలు వేస్తూ చప్పట్లు కొట్టారు. కిటికీ దగ్గర నిలబడి నేను "తగిన శాస్తి" అనుకున్నాను. నిద్ర పట్టకపోవడం ఎప్పుడూ గుర్తుంది గానీ, ఈ మాట ముప్ఫై ఏళ్లు గుర్తు రాలేదు. అనుమోదితం, క్రోధం, అధికం. టైపు కంటే అది బరువైనదని నా తీర్మానం. నాతో మావాళ్లలో కొందరు ఏకీభవించరు.

ఈ సాయంత్రం తప్పకుండా ఎవరో ఒకరు "నిమిత్తమాత్రం భవ సవ్యసాచిన్" అని గీత 11:33 చెబుతారు. దాన్ని తోసిపుచ్చకండి, తెరిచి చదవండి. ఆ మాట విన్న అర్జునుడు అప్పటికే విల్లు కింద పడేసి, ఎదురుగా ఉన్న ఒక్కొక్కరినీ చూసి ఏడ్చినవాడు. యుద్ధం గెలిచాక శాంతిపర్వం మొదట్లో ధర్మరాజు "నేను నిమిత్తమాత్రుణ్ణి" అని చేతులు దులుపుకోడు. ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతాను అంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు అందరూ కలిసి నచ్చచెప్పాల్సి వస్తుంది. మా సీనియర్ నాకిచ్చిన ఓదార్పు, ఆ దుఃఖమేమీ పడకుండానే దొరికింది. అందుకే అది నిలవలేదు.

బైబిల్లోని రోమా 13:4 కూడా వస్తుంది, అధికారి ఊరికే ఖడ్గం ధరించడు అని. తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, చట్టం ఆజ్ఞ మీద చంపేవాడు పట్టుకున్నవాడి చేతిలో కత్తి లాంటివాడు అన్నాడు. నేను ఇది చదివినప్పుడల్లా అదే అనుకుంటాను, కత్తికి రాత్రి నిద్ర పట్టకపోవడం ఉండదు, నాకుంది. అయినా రాజ్యం ఎప్పుడూ ఎవరి ప్రాణమూ తీయకూడదని మీరు ఒప్పుకుంటేనే ఈ పద్ధతి పనిచేస్తుందని కాదు. మా అన్నయ్య ఇప్పటికీ కొన్ని యుద్ధాలు తప్పవంటారు. మిష్నా పెద్దల్లోనే ఈ తగవు ఉంది. ఏడేళ్లకి ఒక్కసారి మరణశిక్ష అమలుచేసిన న్యాయసభ వినాశకరమైనది అన్నారు ఒకరు, డెబ్భై ఏళ్లకి ఒక్కసారైనా అంతే అన్నారు ఇంకొకరు. మేం ఆ సభలో ఉండి ఉంటే ఎవరినీ ఎప్పుడూ చంపనిచ్చేవాళ్లం కాదు అన్నారు టర్ఫోన్, అకీవా. దానికి శిమోన్ బెన్ గమలీయేలు, అలా చేస్తే వాళ్లు హంతకుల్ని పెంచినవాళ్లయ్యేవారు అన్నాడు. అందరి మాటా పుస్తకంలో ఉంచారు. నేను టర్ఫోన్, అకీవాల వైపు.

శాంతిపర్వంలో సత్యవంతుడు తన తండ్రి ద్యుమత్సేనుడితో చెప్పిన మాట నాకు మరింత దగ్గర. రాజు ఒక దొంగని చంపితే అతని తల్లినీ, తండ్రినీ, భార్యనీ, పిల్లల్నీ కూడా చంపినట్టే అంటాడు. తీర్పు రోజు కోర్టు వరండాలో అతని తల్లి కూర్చుని ఉంది. నేను ఆమె పక్క నుంచి రెండుసార్లు నడిచాను.

ఐదో సాయంత్రం: ఎక్కువ తూకం వేయకుండా

కొందరికి ఈ లెక్క మొదలయ్యాక ఆగదు. అన్నీ తమ మీదే వేసుకుంటారు, టెన్షన్ పడతారు. మా కాలేజీ అమ్మాయి ఒక వారం సరిగా నిద్రపోలేదు. అలాంటివాళ్లకి జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ విభజన చెబుతాను. 1946లో, నాజీల పాలన ముగిసిన వెంటనే, తన దేశం వాళ్ల ముందు ఆయన దోషాన్ని నాలుగుగా విడదీశాడు. చట్టం శిక్షించే నేరం ఒకటి, అది చేసినవాడిదే. పౌరుడిగా మోసే బాధ్యత ఒకటి, అది అందరిదీ. అంతరాత్మ ముందు నిలబడే తప్పు ఒకటి, దాన్ని ఎవరికి వారే తేల్చుకోవాలి. చివరిది, తోటి మనిషి చస్తుంటే నేను బతికి ఉన్నందుకు దేవుడి ముందు కలిగేది. మీ గడుల్లో రాసిన ప్రతి వాక్యం పక్కన ఈ నాలుగింటిలో ఏదో రాయండి. ఆ అమ్మాయి పేజీలో మొదటిది ఒక్కటీ లేదు, దాదాపు అన్నీ రెండో రకం. అది చూసుకున్నాక ఆమె ఊపిరి తీసుకుంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దాని గురించి గట్టిగా చెప్పాలి. "వాళ్లందరూ పన్ను కడతారు, ఓటేస్తారు, కాబట్టి అందరూ దోషులే" అన్న వాదనతోనే మార్కెట్లలో, బస్సుల్లో బాంబులు పెట్టేవాళ్లున్నారు. ఊళ్ల మీద బాంబులు వేసే ప్రభుత్వాలూ అదే మాట ఇంకో గొంతుతో అంటాయి. మనం కొలిచే వంతు మనం చేయాల్సిన పని ఎంతో చెప్పే వంతు. ఎవరినైనా శిక్షించడానికి అది హక్కు ఇవ్వదు. కొడుకు తండ్రి దోషం మోయడు అని యెహెజ్కేలు 18:20, ఒకరి బరువు ఇంకొకరు మోయరు అని ఖురాన్ 6:164. ఈ రెండూ నోటుబుక్కు అట్ట లోపల రాసుకోండి. కొలత ఎప్పుడూ మన గుమ్మం నుంచే మొదలుపెట్టాలి. పక్కవాడి వంతు మీరు నింపకండి.

ఆ తర్వాత: వంతుకి తగిన పని

ప్రతి గడికీ ఒక్క పని రాయండి, వచ్చే నెల రోజుల్లో చేయగలిగింది.

మూడో గడితో మొదలుపెట్టండి, అది పూర్తిగా మన చేతిలో ఉంది. ఎవరినైనా చంపారన్న వార్తకి సంబరపడటం మానేయడం. ఆ సంబరాన్ని ఫార్వర్డ్ చేయకపోవడం. ఇంట్లో ఎవరైనా "మంచి పని చేశారు" అంటే, పోట్లాడకుండా చనిపోయిన మనిషి పేరు అడగడం. ఇది చిన్నదని అనిపిస్తుంది గానీ మా అందరికీ అన్నిటికంటే కష్టమైంది ఇదే.

రెండో గడి, అంటే చేయించినవి, పౌరుడిగా చేసేవి. క్షమాభిక్ష అర్జీ మీద సంతకం, ప్రజాప్రతినిధికి ఉత్తరం, లాకప్ చావు విచారణ ఏమైందని అర్జీ. 1755లో పెన్సిల్వేనియాలో జాన్ వూల్మన్, మరికొందరు క్వేకర్లు (యుద్ధాన్ని ఒప్పుకోని క్రైస్తవ శాఖవాళ్లు) యుద్ధానికి వాడే పన్ను కట్టలేమని తోటివాళ్లకి ఉత్తరం రాశారు. వాళ్లకి కూడా అది తేలికగా తోచలేదు, చాలా మథనపడి రాశారు. అంత దూరం అందరూ వెళ్లలేరు, వెళ్లమని నేను చెప్పను, దాని శిక్ష ఇంటిల్లిపాది మీద పడుతుంది. కానీ ఉత్తరాలు కొన్నిసార్లు కదిలిస్తాయి. మరణశిక్షలు ఆపమని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2007 డిసెంబరు 18న చేసిన తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి. కాథలిక్ చర్చి 2018లో తన ధర్మోపదేశ గ్రంథాన్నే మార్చి, మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని రాసింది. శతాబ్దాల పాటు సరేనన్న సంస్థ అది.

మొదటి గడిలో ఏదైనా ఉన్నవాళ్లకి, అంటే ఇప్పటికీ ఆ కుర్చీలో, ఆ యూనిఫాంలో ఉన్నవాళ్లకి, ఇద్దరి గురించి చెబుతాను. ఫ్రాన్జ్ యేగర్‌ష్టెట్టర్ ఆస్ట్రియా రైతు. హిట్లర్ సైన్యంలో పోరాడనన్నాడు. అతని బిషప్పే, పాలకులు చేసేదానికి నువ్వు బాధ్యుడివి కాదు, కుటుంబాన్ని చూసుకో అని చెప్పాడు. ఒప్పుకోలేదు. 1943 ఆగస్టు 9న అతన్ని చంపారు. 2007లో అదే చర్చి అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. రెండో మనిషి హ్యూ థాంప్సన్, అమెరికన్ హెలికాప్టర్ పైలట్. 1968 మార్చి 16న వియత్నాంలో మై లై దగ్గర తన దేశం సైనికులే ఊరివాళ్లని చంపుతుంటే, హెలికాప్టర్‌ని మధ్యలో దింపి అడ్డం నిలబడ్డాడు. కొందరిని బయటికి తీసుకొచ్చాడు. అతను నిజంగా చేసిన ఆ పనికి ప్రభుత్వం పతకం ఇవ్వడానికి 30 ఏళ్లు పట్టింది. నేను వీళ్లిద్దరిలా చేయలేదు. కనీసం ఆ ఫైలు నాకొద్దని ఒక్క మాట అడగొచ్చు, అడగలేదు. మీలో ఎవరైనా అలాంటి సీటులో ఉంటే, అడగడం ఎలాగో మీ గుంపుతో ముందే కూర్చుని ఆలోచించండి. ఆ రోజు వచ్చాక ఆలోచించడానికి టైం ఉండదు.

పశ్చాత్తాపం మాటలతో ఆగిపోకుండా కూడా చూసుకోండి. అశోకుడి 13వ శిలాశాసనంలో కళింగలో లక్ష మంది హతమయ్యారని, లక్షా యాభై వేల మందిని తరలించారని, అంతకు ఎన్నోరెట్లు చనిపోయారని ఆయనే చెప్పుకున్నాడు. ఏ రాజూ తన గెలుపు గురించి అలా రాయించలేదని నా అభిప్రాయం. కానీ అదే శాసనంలో అడవి ప్రజలకి హెచ్చరిక ఉంది, బాధపడుతున్నా శిక్షించే శక్తి నాకుందని. తర్వాత ఎన్నో ఏళ్లకి వేయించిన 4వ స్తంభ శాసనంలో మరణశిక్ష పడినవాళ్లకి మూడు రోజుల గడువు ఇచ్చాడు. శిక్ష రద్దు చేయలేదు. ఆ మూడు రోజులు ఒకరి తల్లికి ఎంత విలువైనవో నేను ఊహించగలను. అయినా నాలుగో రోజు ఉంది. మీరు రాసుకున్న పనికి కూడా ఈ పరీక్ష పెట్టండి, నాలుగో రోజున ఏం మారుతుంది అని.

నేను ఎంచుకున్న పనులు మూడు. చంపబడిన ఇద్దరి ఇంటికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, మళ్లీ రాయలేదు, అది వాళ్ల ఇష్టం. అతని తల్లి ఎక్కడుందో కనుక్కుని వెళ్లాను. నేనెవరో చెప్పాను. ఆమె చాలాసేపు నా చేతుల వైపు చూసింది. తర్వాత కూర్చోమంది. మూడోది, ఇప్పటికీ క్షమాభిక్ష అర్జీలు ఉచితంగా టైప్ చేసిపెడతాను. ఎవరు చంపారో, ఎవరు చంపమన్నారో, ప్రతి వాక్యంలో కర్త కనపడేలా రాస్తాను.

చివరి సాయంత్రం ఎవరి పేజీ వాళ్లు చదవొచ్చు, చదవకపోవచ్చు. అన్నయ్య మొదటి గడిని నాలుగేళ్లు ఖాళీగా ఉంచారు. ఐదో ఏట ఒక సాయంత్రం పెన్సిలు తీసుకుని ఒక్క వాక్యం రాసి, పుస్తకం మూసి, సంచిలో పెట్టుకున్నారు. మీ గుంపులోనూ అలాంటివాళ్లుంటే ఏం రాశారని అడగకండి. కుర్చీలు సర్దేసి, మళ్లీ కలిసే తేదీ చెప్పి, లైట్లు ఆర్పండి.